తాతయ్యకు డెబ్బై ఒక్క లక్షల మార్కులు

మా మేనల్లుడు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. "మామయ్యా, ఐదుగురు స్టూడెంట్ల మార్కుల ప్రోగ్రాం రాశాను. నలుగురికి కరెక్టుగానే వస్తోంది. తాతయ్యకు మాత్రం డెబ్బై ఒక్క లక్షలు చూపిస్తోంది" అన్నాడు. ఇన్‌పుట్ కోసం వాడు ఇంట్లోవాళ్ళ పేర్లే వాడుకున్నాడు. మూడో పేరు మా నాన్నగారిది, వెంకటసుబ్రహ్మణ్యం. ఇచ్చిన మార్కులు 72. తెర మీద వస్తున్నది 7168377.

రెండు రోజులుగా దాని ముందే కూర్చున్నాడట. గొంతులో ఏడుపొక్కటే తక్కువ. రేపు పొద్దున ల్యాబ్, రికార్డులో అవుట్‌పుట్ అంటించాలి. ఇప్పటిదాకా ఏమేం చేశావురా అని అడిగాను. విలువల్ని తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్ పద్నాలుగు చోట్ల పెట్టాడు. గ్రేడు లెక్కగట్టే లూపు మీద అనుమానమొచ్చి దాన్ని మూడుసార్లు తిరగరాశాడు. హాస్టల్లో ఎవరో చెబితే మార్కుల కంటే ముందు పేరు చదివేలా వరస మార్చాడు. అప్పుడు మార్కులు చక్కగా 72 వచ్చాయి గానీ పేరు పాడైంది. ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి మూడక్షరాలు పోయి, వాటి చోట ఒక పెద్ద హెచ్ వచ్చి కూర్చుంది. భయపడి మళ్ళీ పాత వరసకే తెచ్చేశాడు.

నేను ఒక్కటే అడిగాను. "ఆ 72 ఎప్పుడు మారింది?"

వాడి దగ్గర జవాబు లేదు. ఎందుకు మారిందో చెప్పడానికి మాత్రం అరడజను ఊహలున్నాయి. కోడును మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ పాతదట, లూపులో తప్పట, ల్యాప్‌టాప్‌లో మెమరీ పోయిందట. వాడు రాసింది సీ భాషలో. సీ నేర్చుకునే పిల్లలతో మాట్లాడిన ప్రతిసారీ నాకు ఎదురయ్యేది ఇదే. తప్పు ఎందుకు జరిగిందో ఊహించడం మొదలుపెట్టేస్తారు, అది ఎప్పుడు జరిగిందో ఎవరూ చూడరు. చూడొచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ చూపించే సాధనం ఉచితంగా దొరుకుతుంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన జీడీబీ. నల్ల తెర మీద కమాండ్లు టైపు చేస్తూ నడిపే డీబగ్గర్. మొదటి సీ ప్రోగ్రాం నేర్పిన వారంలోనే దీన్ని నేర్పాలన్నది నా వాదన. పాయింటర్ల కంటే ముందు, స్ట్రక్చర్ల కంటే ముందు.

ఆ రాత్రి ఏం జరిగిందో వివరంగా చెబుతాను. నా వాదనకు అంతకంటే మంచి ఆధారం నా దగ్గర లేదు.

వాడి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. స్క్రీన్ షేర్ చేయమన్నాను. ముందుగా జీసీసీ అనే కంపైలర్‌కు మైనస్ జీ అనే ఆప్షన్ తగిలించి మళ్ళీ కంపైల్ చేయించాను. అలా చేస్తే సోర్సులోని వేరియబుల్ పేర్లు, లైన్ నంబర్లు కూడా కంపైలైన ఫైల్లోకి చేరతాయి. అది లేకపోతే డీబగ్గర్‌కు మిగిలేవి మెషీన్ ఇన్‌స్ట్రక్షన్లే. తర్వాత జీడీబీ తెరిచి 'బ్రేక్ మెయిన్' అని కొట్టించాను, అంటే మెయిన్ ఫంక్షన్ మొదట్లోనే ఆగమని. 'రన్' అన్నాడు. ఆగింది. ఇప్పుడు అసలు కమాండు: మూడో విద్యార్థి మార్కుల మీద 'వాచ్'.

వాచ్ అంటే కాపలా పెట్టడమే. ఈ వేరియబుల్ విలువ మారగానే, ఏ లైనులో మారినా సరే, అక్కడికక్కడ ఆపి నాకు చెప్పు అని. ఇందులో జీడీబీ గొప్పతనం ఎంతుందో చిప్పు గొప్పతనమూ అంతే ఉంది. ఎక్స్86 ప్రాసెసర్లలో అచ్చంగా ఇందుకోసమే నాలుగు అడ్రసు రిజిస్టర్లున్నాయి, ఒక్కొక్కటి 8 బైట్ల దాకా కాపలా కాస్తుంది. చిప్పు తయారుచేసేవాళ్ళు డీబగ్గర్ కోసం సిలికాన్‌లో చోటు కేటాయించారు. మనం సిలబస్‌లో ఒక గంట కేటాయించడం లేదు.

'కంటిన్యూ' కొట్టి ఇన్‌పుట్ ఇవ్వడం మొదలెట్టాడు. మూడో విద్యార్థి రోల్ నంబరు, మార్కులు ఇచ్చాడు. ప్రోగ్రాం ఆగింది. కొత్త విలువ 72. బాగుంది, రావాల్సిందే వచ్చింది. మళ్ళీ కంటిన్యూ. ఈసారి పేరు టైపు చేసి ఎంటర్ కొట్టాడు. మళ్ళీ ఆగింది!

పాత విలువ 72, కొత్త విలువ 121.

"అదేంటి మామయ్యా, నేను మార్కులేం ఇవ్వలేదు కదా" అన్నాడు. ఎక్కడ ఆగిందో చూడమన్నాను. 'బ్యాక్‌ట్రేస్' కొట్టాడు. ఎవరు ఎవర్ని పిలిస్తే ఇక్కడిదాకా వచ్చామో ఆ వరసంతా వచ్చింది. పైన లైబ్రరీ లోపలి ఫంక్షన్, దాని కింద ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్, అట్టడుగున మెయిన్, పక్కన లైన్ నంబరు. అది పేరు చదివే లైను. వాడు రెండు రోజుల్లో ఒక్కసారి కూడా అనుమానించని లైను.

కంటిన్యూ. 121 పోయి 24953 అయింది. ఇంకోసారి కంటిన్యూ. 24953 పోయి 7168377 అయింది.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ నాలుగు బైట్లనూ అక్షరాలుగా చూపించే కమాండు చెప్పాను. ఎక్స్, ఏటవాలు గీత, 4, సీ, ఆపైన మార్కుల అడ్రసు. 121 పక్కన వై, 97 పక్కన ఏ, 109 పక్కన ఎమ్, చివర సున్నా. వాడు ఒక్కొక్క అక్షరం పైకి చదువుకుంటూ వెళ్ళి అరిచాడు. "యం! తాతయ్య పేరు చివర ఉన్న యం!"

అంతే సంగతి. వెంకటసుబ్రహ్మణ్యం అని ఇంగ్లీషులో రాస్తే 19 అక్షరాలు. అక్షరానికొక బైటు, పేరు ముగిసిందని చెప్పడానికి చివర పెట్టే సున్నాతో కలిపి 20 బైట్లు కావాలి. వాడు పేరుకు ఇచ్చినవి 16. ఒక విద్యార్థి వివరాలన్నీ ఒకే మూటగా కట్టేది స్ట్రక్చర్. అందులో ముందు 4 బైట్ల రోల్ నంబరు, తర్వాత పేరు, దాని పక్కిల్లే మార్కులు. 16 గదులూ నిండిపోయాక మిగిలిన వై, ఏ, ఎమ్, సున్నా గోడ దాటి మార్కుల గదుల్లోకి వెళ్ళాయి. చిన్న బైటు ముందుండే పద్ధతిలో లెక్కేస్తే 121, దానికి 97ని 256తో గుణించి కలపాలి, 109ని 65536తో గుణించి కలపాలి. కాగితం మీద వేయించాను, అచ్చంగా 7168377 వచ్చింది. పేరు ముందు చదివినప్పుడు వచ్చిన హెచ్ ఎక్కడిదో కూడా అప్పుడే తేలింది. తర్వాత చదివిన 72 ఆ 'యం' మీద పడి దాన్ని చెరిపేసింది, అక్షరాలకు అంకెలిచ్చే ఆస్కీ పట్టికలో 72 అంటే పెద్ద హెచ్. రెండు రోజులుగా వాడు చూస్తున్న రెండు వేర్వేరు తప్పులూ ఒకటే.

నన్ను భయపెట్టే విషయం ఇంకొకటుంది. వాడు మార్కుల్ని 4 బైట్ల ఇంట్ రకం నుంచి పెద్దదైన లాంగ్ రకానికి మార్చి ఉంటే తప్పు కనబడేదే కాదు. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్‌కు 8 బైట్లు, అది 8తో భాగించబడే చోటే మొదలవ్వాలి. కాబట్టి పేరుకూ మార్కులకూ మధ్య కంపైలర్ 4 బైట్లు ఖాళీ వదిలేది, మిగిలిన 'యం' వెళ్ళి ఆ ఖాళీలో పడేది. మార్కులు 72 అనే వచ్చేవి. ప్రోగ్రాం బాగుపడిందని వాడు సంతోషంగా నిద్రపోయేవాడు. ఇంకా పొడుగు పేరు వచ్చిన రోజున అదే తప్పు మరో చోట తేలేది. ఊహించి మార్చడంలో ఉన్న ప్రమాదం ఇదే. తప్పు పోయిందో, దాక్కుందో తెలియదు.

నేను ఇంజినీరింగ్ చదివింది 2000 దశకం మొదట్లో. సీ రాసి నడిపే నీలం తెర సాఫ్ట్‌వేర్, టర్బో సీ. నా వయసువాళ్ళకు చెప్పక్కర్లేదు. కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్, ఆల్ట్ ఎఫ్5 కొడితే అవుట్‌పుట్ తెర. నాలుగేళ్ళు ఈ రెండు తాళంచెవులతోనే బతికాం. ఆ నీలం తెరలోనే డీబగ్గర్ ఉందని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాక. ఎఫ్7 కొడితే లైను లైనుగా ఫంక్షన్ లోపలికి వెళ్ళొచ్చు, ఎఫ్8 కొడితే దాటి వెళ్ళొచ్చు, కంట్రోల్ ఎఫ్7 కొడితే వేరియబుల్‌ను కనిపెట్టి ఉండొచ్చు. వేళ్ళ కిందే ఉంది. ఒక్క ల్యాబ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. 'నల్ పాయింటర్ అసైన్‌మెంట్' అని ప్రోగ్రాం చివర్లో వచ్చేది. దానర్థం ఏమిటని అడిగితే, అవుట్‌పుట్ వచ్చింది కదా, రికార్డు రాసెయ్ అనేవారు. వాళ్ళను తప్పుపట్టడం లేదు, వాళ్ళకూ ఎవరూ నేర్పి ఉండరు. కానీ ఆ గొలుసు ఎక్కడో ఒకచోట తెగాలి. ఇరవై ఏళ్ళ తర్వాత మా మేనల్లుడు కూడా అదే మాట విన్నాడు. "పొట్టి పేరు ఇచ్చి రన్ చెయ్యి, అవుట్‌పుట్ వస్తుంది" అన్నారట.

ఇక ప్రింట్‌ఎఫ్ సంగతి. దాని మీద నాకు కోపం లేదు, నేనూ రోజూ వాడతాను. కానీ నేర్చుకునేవాళ్ళను అది ఎంత మోసం చేస్తుందో కళ్ళారా చూశాను. 'ఇక్కడిదాకా వచ్చింది' అని ఒక ప్రింట్‌ఎఫ్ పెడతారు, చివర కొత్త లైను గుర్తు మర్చిపోతారు. రన్ చేస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రాం కూలిపోవడం. ఆ మాట తెర మీద కనబడదు. అంటే ఇక్కడిదాకా రాలేదన్నమాట అనుకుని పైనున్న యాభై లైన్లనూ గంటలకొద్దీ వెతుకుతారు. నిజానికి ప్రోగ్రాం ఆ లైను దాటి ఎంతో దూరం వెళ్ళింది. ప్రింట్‌ఎఫ్ రాసింది వెంటనే తెర మీదికి పోదు, బఫర్ అనే తాత్కాలిక నిల్వలో ఆగుతుంది. తెర మీదికైతే సాధారణంగా కొత్త లైను గుర్తు వచ్చేదాకా, ఫైల్లోకి పంపిస్తుంటే బఫర్ నిండేదాకా. ఈలోపు ప్రోగ్రాం కూలితే బఫర్‌లో ఉన్నది దాంతోపాటే పోతుంది. జీడీబీలో రన్ చేస్తే కూలిన లైను దగ్గరే ఆగి నిలబడుతుంది. బ్యాక్‌ట్రేస్ అడిగితే దారి చెబుతుంది, 'ఇన్ఫో లోకల్స్' అంటే ఆ క్షణంలో ఏ వేరియబుల్‌లో ఏముందో అంతా ముందు పెడుతుంది.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్ళు చిన్నవాళ్ళేమీ కాదు. లినక్స్‌ను సృష్టించిన లినస్ టోర్వాల్డ్స్ తనకు డీబగ్గర్లంటే ఇష్టం లేదని 2000లో తెగేసి చెప్పాడు. లినక్స్ కెర్నల్‌లోకి దాని సొంత డీబగ్గర్ కేజీడీబీ రావడానికి 2008 దాకా పట్టింది. సీ భాష మీద పేరున్న పుస్తకం రాసినవాళ్ళలో ఒకరైన బ్రయన్ కెర్నిగాన్, ఆయన సహరచయిత రాబ్ పైక్ 1999లో తమ పుస్తకంలో, స్టాక్ ట్రేస్ (బ్యాక్‌ట్రేస్‌కే మరో పేరు) కోసం, ఒకటి రెండు వేరియబుల్స్ విలువ కోసం తప్ప తాము డీబగ్గర్ జోలికి పెద్దగా వెళ్ళమని రాశారు. ఒక్కో లైనూ నడిపిస్తూ కూర్చోవడం కంటే బాగా ఆలోచించి సరైన చోట ప్రింట్ పెట్టడం మేలని వాళ్ళ మాట.

వాళ్ళ మాటలో నిజముంది. 'నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్' అని గంటసేపు ఎంటర్ కొడుతూ కూర్చున్న కుర్రాళ్ళను నేనూ చూశాను. ఏం వెతుకుతున్నావంటే చెప్పలేరు. జీడీబీ తెరిచే ముందు ఒక ప్రశ్న ఉండాలి, అది కాగితం మీద రాయగలిగినంత స్పష్టంగా ఉండాలి. మూడో విద్యార్థి మార్కులు ఎప్పుడు మారాయి? ఈ ఫంక్షన్‌ను నల్ పాయింటర్‌తో, అంటే ఖాళీ అడ్రసుతో, పిలిచిందెవరు? లూపు తొంభై తొమ్మిదోసారి తిరిగేటప్పుడు టోటల్ ఎంత? ఆ చివరిదానికి వందసార్లు ఎంటర్ కొట్టక్కర్లేదు. బ్రేక్ తర్వాత 'ఇఫ్' అని షరతు పెడితే సరిగ్గా అప్పుడే ఆగుతుంది.

కానీ ఆ పెద్దల మాటను పట్టుకొచ్చి మొదటి సంవత్సరం పిల్లలకు డీబగ్గర్ అక్కర్లేదంటే నేను ఒప్పుకోను. కెర్నిగాన్‌కు సీ ప్రోగ్రాం చదువుతుంటే మెమరీలో ఏది ఎక్కడుందో మనసులోనే కనబడుతుంది. మా మేనల్లుడికి కనబడదు. పేరు పక్కన మార్కులు ఉంటాయని, స్ట్రక్చర్ అంటే బైట్ల వరస అని వాడు పుస్తకంలో చదివాడు, పరీక్షలో రాశాడు కూడా. నమ్మింది మాత్రం ఆ రాత్రి వై, ఏ, ఎమ్ ఒక్కొక్కటే మార్కుల్లోకి రాలడం చూశాకే. పైగా ఆ ఇద్దరూ మినహాయించిన స్టాక్ ట్రేస్, ఒకటి రెండు విలువలు అనేవే మన పిల్లలకు తెలియవు. ఆ మాత్రం నేర్పితే చాలు, నేను అడిగేదీ అంతే.

బటన్లున్న ఎడిటర్లు ఉండగా కమాండ్లెందుకని కొందరంటారు. వీఎస్ కోడ్‌లో ఎర్ర చుక్క పెట్టి నడిపించినప్పుడు లినక్స్‌లో సీ ప్రోగ్రాం వెనక పనిచేసేది మామూలుగా జీడీబీయే. ఎర్ర చుక్క వాడండి, మంచిదే. కానీ ఉద్యోగంలో ఆ చుక్క పెట్టే వీలు లేని రోజు తప్పకుండా వస్తుంది. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఒక ప్రోగ్రాం కస్టమర్ సర్వర్ మీద వారానికి ఒకసారి, అదీ అర్ధరాత్రి, కూలిపోయేది. నెల రోజులు ప్రోగ్రాం రాసుకునే లాగ్ ఫైళ్ళు చదివాం. టీమంతా టెన్షన్. చివరికి గమనిస్తే ఆ మెషీన్‌లో కోర్ ఫైళ్ళ (ప్రోగ్రాం కూలిన క్షణంలో దాని మెమరీని దాచే ఫైళ్ళ) పరిమితి సున్నా అని ఉంది. అంటే ప్రోగ్రాం చనిపోయిన ప్రతిసారీ సాక్ష్యాన్ని మేమే పారేస్తున్నాం. 'యూలిమిట్' కమాండుతో పరిమితి ఎత్తేశాం. తర్వాతి వారం కోర్ ఫైలు దొరికింది. దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్‌లో, కిటికీలూ బటన్లూ లేని తెర మీద, జీడీబీకి ఆ ఫైలు ఇచ్చి బ్యాక్‌ట్రేస్ అడిగాం. తేదీ ఖాళీగా ఉన్న ఒక రికార్డు, దాన్ని చూసుకోకుండా ముందుకెళ్ళిన ఒక ఫంక్షన్. నెల రోజుల వెతుకులాట పది నిమిషాల్లో తేలింది.

ఆ అనుభవం తర్వాత ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, చెప్పకుండా వదిలేయకూడదు. నడుస్తున్న ప్రోగ్రాంకు జీడీబీని తగిలిస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది. మనం చూసుకుని 'డిటాచ్' కొట్టేదాకా కస్టమర్లు అటువైపు ఎదురుచూస్తూనే ఉంటారు. నేను ఒకసారి తగిలించి, పక్కన పిలిస్తే లేచి వెళ్ళాను. అందుకే ప్రొడక్షన్ మెషీన్ మీద ముందు ఏయే కమాండ్లు కొట్టాలో రాసుకుని, కొట్టి, వెంటనే బయటికి రావాలి.

ఈ మధ్య ఎక్కువగా వినబడే మాట, ఏఐని అడిగితే చెప్పేస్తుంది కదా అని. కోడంతా ఇస్తే పేరుకు 16 చాలవని అది చెప్పేదేమో, కాదనను. కానీ కోడు మాత్రమే ఇస్తే, ఆ రాత్రి వాడి మెషీన్‌లో ఏ బైటు ఎప్పుడు మారిందో దానికీ తెలియదు. దాని జవాబు సరైనదో కాదో తేల్చుకోవడానికైనా వాచ్ పెట్టి చూడటం రావాలి. బ్యాక్‌ట్రేస్ పట్టుకెళ్ళి అడిగినవాడికీ, "పని చేయట్లేదు" అని అడిగినవాడికీ వచ్చే జవాబుల్లో చాలా తేడా ఉంటుంది. మనుషుల్ని అడిగినా అంతే.

జీడీబీ కష్టమంటారు. దాని మాన్యువల్ పెద్దదే. కానీ ల్యాబ్‌కు కావలసినవి ఓ ఎనిమిది తొమ్మిది: బ్రేక్, రన్, నెక్స్ట్, స్టెప్, ప్రింట్, బ్యాక్‌ట్రేస్, అప్, వాచ్, కంటిన్యూ. చాలామటుకు మొదటి అక్షరం కొడితే చాలు. ఒక్క జాగ్రత్త. నేర్చుకునే రోజుల్లో ఆప్టిమైజేషన్ (వేగం కోసం కంపైలర్ కోడును మార్చడం) లేకుండా కంపైల్ చేయాలి. లేకపోతే ప్రింట్ అడిగిన విలువ 'ఆప్టిమైజ్డ్ అవుట్' అని వస్తుంది, లైన్లు వెనక్కీ ముందుకీ గెంతుతాయి, పిల్లలు మొదటి రోజే చెయ్యి వదిలేస్తారు.

మా మేనల్లుడు పేరుకు 40 బైట్లిచ్చి, స్కాన్‌ఎఫ్‌లో 39 అక్షరాలకు మించి చదవొద్దని హద్దు పెట్టాడు. రెండోది వాడే అడిగి తెలుసుకున్నాడు. "40 ఇచ్చినా 41 అక్షరాల పేరొస్తే మళ్ళీ ఇంతే కదా మామయ్యా" అని.

సీ ల్యాబ్ చెప్పే లెక్చరర్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక విన్నపం. ఈ సెమిస్టర్‌లో ఒక్క ల్యాబ్ గంట ఇవ్వండి. ప్రోగ్రాం రాయించొద్దు, ఈ తప్పున్న ప్రోగ్రాంనే ఉన్నదున్నట్టు ఇవ్వండి. పేరుకు 16, పక్కన మార్కులు, మార్కుల తర్వాత పేరు చదివే వరస. ప్రతి విద్యార్థినీ వాళ్ళింట్లో అన్నిటికన్నా పొడుగు పేరు, ఇంటిపేరుతో కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చెయ్యమనండి. వాళ్ళ అమ్మమ్మకో తాతయ్యకో ఎన్ని లక్షల మార్కులు వచ్చాయో చూసుకోనివ్వండి. అప్పుడు బోర్డు మీద 'వాచ్' అని రాయండి.